దూది కింద

దర్జీ అమ్మ పోయిన రోజు తెల్లవారుజామున ఆమె కూతురు వేడినీళ్ళ సంచి కోసం కింది అంతస్తుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అమ్మ చేతి నుంచి రక్తం తీయడం అయిపోయిందన్నారు. మధ్యాహ్నం అమ్మకు రక్తం ఎక్కించారు. సగం సంచి కూడా ఎక్కకముందే చలి మొదలైంది. నడుము విరిగిపోతోందని అరిచింది. పొద్దుగూకేసరికి మనిషి లేదు.

మూడోనాడు పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. ఆమెది ఓ గ్రూపు, ఎక్కించింది బి గ్రూపు. ఆసుపత్రివాళ్ళు ఒక్క పూటలోనే దోషిని తేల్చేశారు. ఆ తెల్లవారుజామున పక్కపక్క మంచాల మీది ఇద్దరు ఆడవాళ్ళ రక్తం తీశారు. ఆ రెండు ట్యూబులకూ పేర్ల చీటీలు అంటించింది రాత్రి డ్యూటీ సిస్టర్. ఒకరి చీటీ ఇంకొకరికి అంటించిందన్నారు. ఇన్‌స్పెక్టర్ ఆమెను స్టేషన్‌కు తీసుకుపోయాడు. ఈ సాయంత్రం అయిదింటికి కోర్టులో హాజరు పరుస్తాడు. పరిచాడంటే ఆమె ఉద్యోగం, పేరు, పరువు అన్నీ అక్కడితో సరి. జైలు సంగతి ఆ తరవాత.

దర్జీ అమ్మ కూతురు శవాన్ని తీసుకోనని చెప్పేసి, నేరుగా ప్రైవేటు డిటెక్టివ్ గదికి వచ్చింది.

"సిస్టర్ చేయలేదండీ," అంది కూర్చోకుండానే.

"మీరు చూశారా?"

"చూడలేదు. కానీ ఆవిడ అలాంటి మనిషి కాదు."

"అలాంటి మనిషి కాదనిపించుకున్నవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారమ్మా. ముందు కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. మీ అమ్మగారి చేతుల గురించి చెప్పండి."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఈ మూడు రోజుల్లో చేతుల గురించి ఎవరూ అడగలేదు.

"అమ్మకి నరం దొరకదండీ. మూడేళ్ళుగా మందులెక్కించి ఎక్కించి నరాలన్నీ లోపలికి పారిపోయాయి. ఒకడొచ్చి పొడుస్తాడు, దొరకలేదంటాడు, ఇంకోడిని పిలుస్తాడు. నలుగురు చేరి నాలుగు చోట్ల పొడిచాక, 'మీ అమ్మ బిగదీసుకుంటోంది' అని తప్పు ఆవిడ మీదే వేస్తారు. అమ్మ నవ్వేది. 'చింకి గుడ్డకి కూడా నేనిన్ని పోట్లు వేయలేదే అమ్మాయ్, సూది పట్టడం రానివాళ్ళంతా నామీదే నేర్చుకుంటున్నారు' అనేది." ఆమె గ్లాసు టేబుల్ మీద పెట్టింది. "ఆ సిస్టర్ మాత్రం అలా కాదు. వచ్చి కూర్చునేది. ముందు నీళ్ళు తాగించేది. వేడి గుడ్డ చుట్టేది. చెయ్యి మంచం కిందికి వేలాడేసి, కబుర్లు చెబుతూ కూర్చునేది. ఆ తరవాతే సూది తీసేది. దొరక్కపోతే రెండోసారికి ఆపేసి, 'ఇవాళ నా వల్ల కాదమ్మా, డాక్టరుగారికి చెబుతాను' అనేది. అలా చెప్పే మనిషి చీటీలు తారుమారు చేస్తుందంటే నేను నమ్మను."

డిటెక్టివ్ తల వంచి తన అరచేతులు చూసుకున్నాడు. అతని భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆమెవీ అలాంటి నరాలే. చివరి ఆరు నెలలూ రక్తం తీసేవాడు వచ్చే ముందు ఆమె చేతిని ఈ రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని వెచ్చబెట్టడమే అతని ఉద్యోగం.

"ఆ ఉదయం రక్తం తీసింది సిస్టరేనా?"

"కాదండీ. ఒక్కపోటు."

"అదేం పేరు?"

"అందరూ అలాగే అంటారు. ఎలాంటి చేతికైనా ఒకే పోటుకి నరం పట్టేస్తాడట. ఎవరికీ దొరకనప్పుడు అతన్నే పిలుస్తారు. గోడ మీద ఫోటో కూడా ఉంది, ఉత్తమ ఉద్యోగి అని."

"వేడినీళ్ళ సంచి తెమ్మని మిమ్మల్ని పంపించింది ఎవరు?"

"అతనే. తెచ్చేసరికి పనైపోయింది. అమ్మ జ్వరం మత్తులో ఉంది. మోచేతి మడత మీద దూది పెట్టి అంటించేశాడు."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి."

డిటెక్టివ్ తలెత్తాడు. "మూడేళ్ళు మందులెక్కించింది ఏ చేతికి?"

"ఎక్కువ కుడిచేతికే. ఆ మోచేతి నరం ఎండిన తాడులా అయిపోయింది. అక్కడ చుక్క వచ్చి రెండేళ్ళయింది." అంటూ ఉండగానే ఆమె ముఖం మారింది. "నాకప్పుడు తోచలేదండీ. సంతోషించాను. ఎంత చల్లని చెయ్యి నాయనా నీది అని, అతనికి దండం కూడా పెట్టాను."

డిటెక్టివ్ లేచి చొక్కా సర్దుకున్నాడు. గడియారం ఒంటిగంట చూపిస్తోంది.

*

ఆసుపత్రి ల్యాబు నేలమాళిగలో ఉంది. గుమ్మం దగ్గరే ఫినాయిల్ వాసనా, దాని అడుగున ఇంకేదో వాసనా. రక్తపు ట్యూబులు గుచ్చిన పళ్ళెం పక్కనే ఎవరో సగం తాగి వదిలేసిన టీ కప్పు, దాని అంచున ఈగ. డిటెక్టివ్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇక్కడ దేన్నీ తాకాలని లేదు.

ల్యాబు మేడమ్ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంది. రక్తం ఎక్కించడానికి వచ్చిన శాంపిళ్ళను వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచడం రివాజు. దర్జీ అమ్మ పేరున్న ట్యూబు ఇంకా అక్కడే ఉందని, దానిలో ఉన్నది బి గ్రూపేనని, పోలీసులు వచ్చి అది చూసుకుని వెళ్ళారని చెప్పింది.

"పక్క మంచం ఆవిడది కూడా ఉందా?" అన్నాడు డిటెక్టివ్.

"ఉంది."

"దాని గ్రూపు పోలీసులు అడిగారా?"

"లేదండీ. ఒక్క ట్యూబే అడిగారు."

"పక్క మంచం ఆవిడది అసలు ఏ గ్రూపు?"

"బి. పాత కార్డు కూడా ఉంది ఆవిడ దగ్గర."

"ఆవిడ పేరున్న ట్యూబు ఇప్పుడు నా ఎదురుగా ఒకసారి చూడండి."

ఆమె ఫ్రిజ్ తెరుస్తుండగా వెనక బూట్ల చప్పుడైంది. తిరిగి చూడకుండానే అది ఎవరిదో డిటెక్టివ్‌కు తెలుసు. తన పెళ్ళినాటికి ఆ కాళ్ళకు బడి చెప్పులుండేవి. ఇన్‌స్పెక్టర్ అతని భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు.

"వచ్చేశావా బావా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పిలవని పేరంటానికి రావడంలో నీ తరవాతే ఎవరైనా."

"పిలిచారు. చచ్చిపోయినావిడ కూతురు పిలిచింది."

"ఆవిడకి దుఃఖం. నీకేం వచ్చింది? చీటీలు తారుమారయ్యాయి. అంటించింది సిస్టర్. అంటించానని ఆవిడే ఒప్పుకుంది. ఇంతకంటే ఏం కావాలి?"

"అంటించానంది. తారుమారు చేశానని అందా?"

"అంటుందా ఎవరైనా?"

డిటెక్టివ్ అతని వైపు తిరిగాడు. "నువ్వు ఒక పెళ్ళికి వెళ్ళావురా. బయట చెప్పులు విడిచావు. తిరిగొచ్చేసరికి నీ చెప్పులు లేవు. ఎవరో పొరపాటున వేసుకుపోయారు. అప్పుడు అక్కడ ఏం మిగలాలి?"

"వాడి చెప్పులు."

"మిగలాలి కదా. దర్జీ అమ్మ పేరున్న ట్యూబులో పక్కావిడ రక్తం ఉంది అంటున్నావు. అయితే పక్కావిడ పేరున్న ట్యూబులో ఏముండాలి?"

ల్యాబు మేడమ్ అప్పటికే తెల్లటి పలక మీద మూడు చుక్కల రక్తం వేసి, ఒక్కో దానిలో ఒక్కో మందు కలిపి, పుల్లతో తిప్పుతోంది. ముగ్గురూ పలక మీదికి వంగారు. మొదటి చుక్క అలాగే ఉండిపోయింది. రెండోది, మూడోది కాసేపటికి విరిగిన పాలలా పలుకులు పలుకులుగా ముద్దకట్టాయి.

"బి పాజిటివ్," అంది ఆమె. మాట అంటూనే ఆమె చెయ్యి ఆగిపోయింది. "మారలేదు. ఇది పక్కావిడదే."

"చెప్పులు మారలేదు, రెండు ట్యూబులూ బి గ్రూపే," అన్నాడు డిటెక్టివ్. "ఓ గ్రూపు రక్తం ఈ ఫ్రిజ్‌లో ఎక్కడా లేదు. ఎందుకంటే దర్జీ అమ్మ ఒంట్లోంచి ఆ ఉదయం ఎవరూ రక్తం తీయలేదు."

ఇన్‌స్పెక్టర్ మెడ ఎర్రబడింది. "అయితే పక్కావిడ రక్తమే రెండు ట్యూబుల్లో పట్టారు. అదీ సిస్టరే చేసి ఉంటుంది."

"పక్కావిడ స్పృహలోనే ఉంది. ఆవిడ దగ్గర తీసింది ఒక్క ట్యూబేనని వార్డులో నేను కనుక్కునే కిందికి వచ్చాను. అసలు సూది పట్టింది సిస్టర్ కాదు. ఒక్కపోటు."

"వాడా? వాడు దేవుడు బావా ఈ ఆసుపత్రికి. మా డీఎస్పీగారి తల్లికి కూడా వాడే తీశాడు." ఇన్‌స్పెక్టర్ ల్యాబు మేడమ్ వినకుండా గొంతు తగ్గించాడు. "ఒకటి చెప్పనా? అక్క పోయినప్పటి నుంచి నువ్వు ఏ ఆసుపత్రిలో అడుగుపెట్టినా హంతకుడినే వెతుకుతున్నావు. అక్కని ఎవరూ చంపలేదు. జబ్బు చంపింది."

డిటెక్టివ్ జేబుల్లోంచి చేతులు తీశాడు.

"మీ అక్క చేతులు చివరిసారి నువ్వెప్పుడు చూశావు?"

"ఇప్పుడదెందుకు?"

"ఊరికే అడిగాను. నువ్వు సూది చూడలేవని వచ్చేవాడివి కాదు. తప్పుపట్టడం లేదు, చాలామంది చూడలేరు. కానీ ఇవాళ చూడాలి. పద, మార్చురీకి."

*

మార్చురీ కాపలావాడు పెట్టె లాగి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకుని రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. దర్జీ అమ్మ ముఖం చిన్నది. కుడిచేతి చూపుడువేలి చివర కుట్టుపనితో గట్టిపడిన కాయ ఉంది. డిటెక్టివ్ ఆ ముఖాన్ని ఒక్కసారి చూసి, ఇక అటు చూడకుండా చేతుల మీదికి వంగాడు.

ఎడమచేతి లోపలి వైపు, మణికట్టుకూ మోచేతికీ మధ్య, రక్తం ఎక్కించిన సూది గుర్తు ఒకటి ఉంది. ఒకే చుక్క. చుట్టూ కమిలిన జాడ లేదు. అది ఉదయం డ్యూటీ దిగే ముందు సిస్టర్ పెట్టి వెళ్ళింది. కూర్చుని, వెచ్చబెట్టి, ఓపికగా పెట్టింది. ఆ మంచి గుర్తులోంచే విషం లోపలికి వెళ్ళింది.

"ఇది చూడు," అన్నాడు కుడిచేతిని తిప్పి.

మణికట్టు అడుగున, ఎవరూ చూడని వైపు, మూడు పోట్లు. ఒకదాని చుట్టూ ఊదారంగు మచ్చ రూపాయి బిళ్ళంత పాకింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తని చోట ఇంకొకటి. కాళ్ళ మీది దుప్పటి తొలగించాడు. చీలమండ దగ్గర రెండు.

"పోస్టుమార్టంలో రాశారు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ రుమాలు తీయకుండా. "సూదిపోట్లు ఉన్నాయని."

"ఉన్నాయని రాశారు. ఆసుపత్రిలో ఉన్న మనిషికి సూదిపోట్లు ఉండటం వింత కాదని వదిలేశారు. ఇవన్నీ ఒకే రోజువి, ఒకే రంగు. లోపల సూది పెట్టి అటూ ఇటూ కెలికితే వచ్చే మచ్చలు ఇవి. మీ అక్కకి ఇలాంటివి ఎన్నో చూశాను. ఒక్కపోటుగాడు ఆరుసార్లు పొడిచాడు. దొరకలేదు. జ్వరంతో మూలుగుతున్న ముసలావిడ కాళ్ళ దాకా వెతికాడు."

"మరి మోచేతి దగ్గర దొరికిందేమో, ఏడోసారికి."

డిటెక్టివ్ మాట్లాడకుండా కుడి మోచేతి మడత మీద ఇంకా అంటుకునే ఉన్న ప్లాస్టరు అంచును గోటితో లేపాడు. మెల్లగా, చర్మం లాగకుండా, బతికున్న మనిషికి తీసినట్టే తీశాడు. కింద దూది ఉంది. దూది మధ్యలో ఎండి నల్లబడిన రక్తపు చుక్క.

"ఇదిగో, రక్తం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగి.

"రక్తమే. దూది కింద చూడు."

కింద చర్మం ముడతలుపడి, పాలిపోయి, శుభ్రంగా ఉంది. పోటు లేదు. గీత లేదు. పాత మచ్చలు తెల్లబడి ఉన్నాయి, కొత్తది ఒక్కటీ లేదు. ఇన్‌స్పెక్టర్ రుమాలు జేబులో పెట్టుకుని, జేబులోని చిన్న టార్చి తీసి వేశాడు. ఎంతసేపు చూసినా చర్మం చర్మంలాగే ఉంది.

"పోటు లేని చోట దూదికి రక్తం ఎలా అంటింది బావా?"

"ఇంకొకరి పోటు మీద అద్దిన దూది ఇది. తెచ్చి ఈవిడకి అంటించాడు. కూతురికి చూపించడానికి."

డిటెక్టివ్ దూదిని కాగితం పొట్లంలో పెట్టి అతని చేతికిచ్చాడు. తరవాత కొళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్నాక మళ్ళీ కడుక్కున్నాడు.

*

రక్తం తీసే గది గోడ మీద ఒక్కపోటు ఫోటో పెద్దదిగా ఉంది. ఫోటో కిందే అతను కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. నున్నగా గీసిన గడ్డం, నూనె రాసి దువ్విన జుట్టు. గదిలో ఫ్యాను తిరగక అందరికీ చెమటలు పడుతున్నా, అతని చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. కుర్చీకి వేలాడుతున్న రబ్బరు పట్టీ పొద్దున్నుంచి ఎన్ని చేతులకు కట్టాడో, జిడ్డుతో నల్లగా నిగనిగలాడుతోంది.

అతను వచ్చినవాళ్ళ ముఖాలు చూడలేదు. డిటెక్టివ్ ముంజేతిని చూశాడు.

"మంచి నరాలండీ మీవి," అన్నాడు మెచ్చుకోలుగా. "కళ్ళు మూసుకుని తీయొచ్చు."

"దర్జీ అమ్మవి?"

"అబ్బో, అది కష్టం. కానీ దొరికింది లెండి."

"ఎక్కడ?"

"కుడి మోచెయ్యి."

"ఎన్ని పోట్లు?"

అతను నవ్వాడు. "అడగాలాండీ? నా పేరే అది."

"మణికట్టు అడుగున మూడు ఉన్నాయి. బొటనవేలి సందులో ఒకటి. చీలమండ దగ్గర రెండు. అవి ఎవరివి?"

"వేరేవాళ్ళు ప్రయత్నించి ఉంటారు. చేతకాకే కదా చివరికి నన్ను పిలిచేది."

"ఆ రోజు నీకంటే ముందు సూది పట్టుకుని ఎవరూ రాలేదు. కూతురు రాత్రంతా అక్కడే ఉంది. నువ్వు పంపించేదాకా మంచం దగ్గర్నుంచి కదల్లేదు."

"అయితే సిస్టర్ తరవాత పొడిచి ఉంటుంది."

"సిస్టర్ ఒక్కసారి పొడిచింది. ఎడమచేతికి. అది దొరికింది." డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాపాడు. పొట్లం తీసుకుని, టేబుల్ మీద విప్పి, దూదిని వెలుతురులోకి జరిపాడు. "ఇది నువ్వు అంటించిన దూది. దీని మీద రక్తం ఉంది. దీని కింద పోటు లేదు. ఈ రక్తం ఎవరిది?"

ఒక్కపోటు దూదిని చూశాడు. నవ్వు పెదవుల మీద ఉన్నచోటే ఉండిపోయింది, కళ్ళు మాత్రం వెనక్కి పోయాయి.

"నాకు తెలియదండీ."

"ల్యాబు మేడమ్ కిందే ఉన్నారు. ఈ చుక్కను తడిపి గ్రూపు చూడమంటే చూస్తారు. అంత దూరం ఎందుకు? చొక్కా చేతులు మడువు."

"ఎందుకండీ, ఇదేం మర్యాద..."

"మడువురా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర్నుంచి. మొదటిసారి అతని గొంతు పోలీసు గొంతులా లేదు.

కుడిచేతికి ఏమీ లేదు. ఎడమచేతి గుండీ విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. గుడ్డ పైకి జరిగింది. మోచేతి మడతలో, ఒకే నరం వెంబడి, పైనుంచి కిందికి పోట్లు. కొన్ని మానిపోయి తెల్లటి చుక్కలయ్యాయి. కొన్ని పసుపుపచ్చగా మారుతున్నాయి. కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తన చేతిలో తానే పొడుచుకున్నవి కాబట్టి అన్నీ ఒకే వాలులో, ఒకే పక్కకు ఉన్నాయి.

బయట టోకెను నంబరు పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది.

"నీది ఏ గ్రూపు?" అన్నాడు డిటెక్టివ్.

"బి."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఒక్కపోటు చొక్కా చెయ్యి దింపుకోబోయాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని అలాగే ఉంచాడు.

"మొదట ఒక పెద్దాయనండీ. ఎంత వెతికినా దొరకలేదు. ఆయన ఏడుస్తున్నాడు. కొడుకు నన్ను కొట్టడానికి వచ్చాడు. బయట లైనులో ఉన్నవాళ్ళు, 'ఒక్కపోటుకే దొరకలేదట' అని నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. బాత్‌రూములోకి వెళ్ళి నా చేతి నుంచే తీసి, ఆ ట్యూబులో పోశాను. మర్నాడు ఆ కొడుకే వచ్చి నా చేతులు పట్టుకున్నాడు, రిపోర్టు ఎంత బాగా వచ్చిందో అని."

"ఆ రిపోర్టు నీది."

"బాగానే వచ్చింది కదండీ. నాకే జబ్బూ లేదు."

డిటెక్టివ్ ఆ పోట్ల మీంచి చూపు తిప్పుకున్నాడు. చెడ్డవాళ్ళను చాలామందిని చూశాడు. వాళ్ళ మీద కోపం వచ్చేది. ఇక్కడ కోపం రావడం లేదు. అన్నంలో బొద్దింక కనిపించినట్టు, నోరంతా వెగటుగా ఉంది.

"రక్తం ఎక్కించడానికి గ్రూపు చూస్తారని నీకు తెలుసు."

"తెలుసు. ఎక్కించే ముందు మళ్ళీ ఒకసారి చూసుకుంటారనుకున్నాను."

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"ఆవిడది ఓ గ్రూపని, ఎక్కించేముందు కూతురు డాక్టరుతో చెప్పింది."

"చెప్పిందండీ. పేషెంట్ల మాట నమ్మకూడదు, ట్యూబునే నమ్మాలి అని డాక్టరుగారు అన్నారు. నేనేం చేయను?" అతను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి బతిమాలుతున్నట్టు అన్నాడు. "మీరే చెప్పండి సార్. వాళ్ళని అన్ని పోట్లు పొడవడం మంచిదా? నా చేతిలో తీసుకుంటే నొప్పి నాకే కదా. వాళ్ళకి సుఖమే కదా."

"ఆరు పోట్లు పొడిచాక గుర్తొచ్చిందా సుఖం? దొరకలేదని ఒక్క మాట చెబితే పోయేది. ఆ సిస్టర్ చెప్పేది. ఆవిడకి ఫోటో లేదు," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. తన అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. బయటికి నడిచి, వరండాలో చేతులు కడిగే తొట్టి మీదికి వంగాడు. డిటెక్టివ్ గుమ్మంలోంచి చూశాడు కానీ దగ్గరికి వెళ్ళలేదు. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ నోరు కడుక్కుని, ఫోను తీసి స్టేషన్‌కు చేశాడు.

"సిస్టర్‌ని కోర్టుకి తీసుకెళ్ళొద్దు. బయల్దేరారా? వెనక్కి తిప్పండి. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టండి, టీ ఇవ్వండి. ఇంటికి ఫోను చేసుకోమనండి. నేనొచ్చి నేనే దింపుతాను." ఫోను పెట్టేసి, బావ ముఖంలోకి చూడకుండా అన్నాడు. "అక్క చేతులు కూడా ఇలాగే ఉండేవా?"

"అంతకంటే ఘోరంగా ఉండేవి. కానీ దొరకనప్పుడు దొరకలేదనే చెప్పారురా. అది మన అదృష్టం."

ఇద్దరూ మళ్ళీ లోపలికి వచ్చారు. ల్యాబు మేడమ్ కూడా కింది నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. డిటెక్టివ్ ఒక్కపోటు ఎడమచేతి మీదికి వంగి, ఎర్రగా ఉన్న పోట్లను వేలితో చూపించాడు.

"ఇవి ఈ వారంలోవి. మూడున్నాయి. ఒకటి దర్జీ అమ్మది. మిగతా రెండూ ఎవరివి?"

"పేర్లు గుర్తుండవండీ నాకు. చేతులు గుర్తుంటాయి."

"చేతులే చెప్పు."

"ఒకటి, మూడో అంతస్తులో లావుపాటావిడ. తెల్లటి చెయ్యి, మోచేతి మీద పుట్టుమచ్చ. రేపు ఆపరేషన్ ఆవిడకి."

ల్యాబు మేడమ్ అప్పటికే మెట్లెక్కి పరిగెత్తింది. ఆపరేషన్ ఆపించి, మళ్ళీ రక్తం తీయించమని చెప్పి, ఎగశ్వాసతో తిరిగి వచ్చేదాకా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. లావుపాటావిడకు గండం తప్పింది.

"రెండోది?" అన్నాడు డిటెక్టివ్.

"అది ఇక్కడ కాదండీ. ఉచిత శిబిరంలో. గుండెకి ఆపరేషన్ అయినవాళ్ళకి పరీక్షలు చేశాం కదా, మొన్న, మార్కెట్ హాల్లో. మగమనిషి. వెల్డింగ్ పని చేస్తాడనుకుంటాను. మణికట్టు నుంచి మోచేతి దాకా నిప్పురవ్వల మచ్చలే. తోలు చూస్తే చెప్పు అట్టలా ఉంది, సూది దిగదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాడట, ఎంత పలచబడిందో చూడాలన్నారు."

ల్యాబు మేడమ్ తలుపు చెక్కను పట్టుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మాత్రలు వేసుకోనివాడి రక్తం పరీక్షించాం సార్. ఇతనిది. చిక్కగానే ఉంటుంది కదా. అది చూసి డాక్టరుగారు మాత్రలు పనిచేయడం లేదనుకుని ఉంటారు." ఆమె ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "శిబిరంలో అలా వచ్చినవాళ్ళందరికీ మోతాదు రెట్టింపు చేశారు. ఆయన రక్తం అప్పటికే పలచగా ఉంటే, ఇప్పుడు రెట్టింపు మాత్రలు. చిన్న దెబ్బ తగిలినా ఆగదు. దెబ్బ తగలకపోయినా, లోపల్లోపలే..."

"పేరేంటి? ఫోను నంబరు?"

"శిబిరంలో టోకెన్లే సార్. పేర్లు రాయలేదు. రిపోర్టులూ మందులూ చేతికిచ్చి పంపించేశారు."

ఇన్‌స్పెక్టర్ ఒక్కపోటు కాలరు పట్టుకుని లేవదీశాడు. "ముఖం చెప్పరా. ముఖం ఎలా ఉంటుంది?"

ఒక్కపోటు నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. కళ్ళు మూసుకున్నాడు. నుదురు ముడిపడింది.

"ముఖం చూడలేదండీ," అన్నాడు. "నేనెప్పుడూ చూడను."

అయిదింటికి సిస్టర్‌ను ఇన్‌స్పెక్టర్ తన జీపులోనే ఇంటికి పంపించాడు. దర్జీ అమ్మ కూతురు శవాన్ని తీసుకోవడానికి సంతకం పెట్టింది. పోలీసులు ఇద్దరిద్దరుగా వెల్డింగ్ దుకాణాలకు బయలుదేరారు. డిటెక్టివ్ మార్కెట్ వీధిలో తలుపు తీసి ఉన్న ప్రతి దుకాణం దగ్గరా ఆగి, లోపలి మనుషులను చేతులు చూపించమని అడిగాడు. చీకటి పడుతూ ఉండగా చివరి దుకాణంవాడు కూడా షట్టరు దింపేశాడు. ఆ మాత్రలు రాత్రి భోజనం అయ్యాక వేసుకునేవి. మచ్చల చెయ్యి ఉన్న మనిషి ఇంకా దొరకలేదు.